విడిభాగాలు మారుతున్నా వదలని మొరాయింపు

పాత కార్ల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో సెకండ్‌హ్యాండ్ కార్లకు సంబంధించినవే ఎక్కువ. ఊళ్లు వేరు, బండ్లు వేరు అయినా అందరి కష్టమూ ఒక్కటే: లోపం మళ్లీ మళ్లీ వస్తోంది, షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త భాగం పడుతోంది, కానీ మీటరు పెట్టి కొలిచినట్టు ఒక్క ఉత్తరంలోనూ లేదు. కరెంటయినా, పెట్రోలయినా కొలతకు దొరికేవే. అందుచేత ఏ భాగం మార్చాలనే మాట కన్నా ముందు, ఏది ఎలా కొలవాలనే మాటను ఈసారి వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: 2016 నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌ను ఒక ఆటో కన్సల్టెన్సీలో కొన్నాము. రోజూ నడిపితే ఏ ఇబ్బందీ లేదు. ఊరెళ్లి మూడు రోజుల తరువాత వస్తే మాత్రం సెల్ఫ్ తిరగదు. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాము. ఇప్పుడు డైనమో మార్చాలంటున్నారు. పాత యజమాని ఆండ్రాయిడ్ స్క్రీన్, రివర్స్ కెమెరా, సెంట్రల్ లాక్, ఫాగ్ లైట్లు బయట పెట్టించారు. డైనమో మార్చమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇప్పుడే మార్చవద్దు. రోజూ నడిపితే ఇబ్బంది లేదని మీరే రాశారు; అంటే డైనమో బ్యాటరీని ఛార్జ్ చేస్తూనే ఉంది. సందేహం తీరాలంటే ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల మధ్య మల్టీమీటరు పెట్టించి చూడండి. 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపుతూ, హెడ్‌లైట్లు, ఏసీ వేసినా 13.5 కన్నా కిందికి పోకపోతే డైనమో తన పని తాను చేస్తున్నట్టే. అలాగే బండి రాత్రంతా ఆగి ఉన్న తరువాత, ఉదయం తాళం తిప్పకముందు 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే దాదాపు సగం ఖాళీ అయినట్టు.

మీ కారులో జరుగుతున్నది వేరు. తాళం తీసేసిన తరువాత కూడా ఏదో ఒక పరికరం కరెంటు తాగుతోంది. గడియారానికి, రిమోట్ లాకుకు, ఇంజిన్ కంప్యూటరు మెమరీకి ప్రతి కారూ కొంత కరెంటు వాడుకుంటుంది. అది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. చిన్న కార్లలో సాధారణంగా ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీని 30 మిల్లీ ఆంపియర్ల వాడకం సగానికి దించాలంటే మూడు వారాలు దాటుతుంది. అదే 400 మిల్లీ ఆంపియర్లు పోతుంటే 44 గంటలు చాలు; మూడో రోజుకు సెల్ఫ్ టకటకమని చప్పుడు చేసి ఊరుకుంటుంది. మీరు చెప్పిన మూడు రోజుల లెక్క దీనికి సరిగ్గా సరిపోతోంది. ఇలా మాటిమాటికీ అడుగంటే బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు గట్టిపడి దాని ఆయుష్షు వేగంగా తగ్గిపోతుంది కాబట్టి, రెండు బ్యాటరీలు పోవడం కూడా ఈ లోపం ఫలితమే అయి ఉండాలి.

దీన్ని పట్టుకోవడానికి ఓపిక కావాలి, ఖర్చు అక్కరలేదు. బానెట్ తెరిచి, తాళంచెవిని కారుకు దూరంగా పెట్టి, తెరిచి ఉంచిన తలుపు లాచ్‌ను స్క్రూడ్రైవరుతో తిప్పి మూసినట్టు చేయాలి. లేకపోతే లోపలి లైటూ, లాకుల కంప్యూటరూ మేలుకొనే ఉంటాయి. తరువాత బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, ఆ కేబుల్‌కూ టెర్మినల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో కలపాలి. మొదట్లో రెండు మూడు ఆంపియర్లు చూపినా కంగారు పడనక్కరలేదు, ఎందుకంటే కారులోని కంప్యూటర్లన్నీ నిద్రలోకి వెళ్లడానికి ఇరవై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. అంతసేపూ ఆగకుండా రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేయడం వల్లనే చాలామంది ఎలక్ట్రీషియన్లు దారి తప్పుతారు. అప్పటికీ అంకె 0.05 దాటి ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో చూడాలి. మీటరు అలా కలిపి ఉన్నప్పుడు ఇగ్నిషన్ వేయకూడదు, సెల్ఫ్ అసలే కొట్టకూడదు. మీటరు లోపలి ఫ్యూజు కాలిపోతుంది.

మీరు రాసిన అమరికల్లో నేను మొదట అనుమానించేది ఆండ్రాయిడ్ స్క్రీన్‌ను. బయట అమ్మే స్టీరియోలకు సాధారణంగా పసుపు తీగ ఒకటి, ఎరుపు తీగ ఒకటి ఉంటాయి. పసుపు తీగ ఎప్పుడూ బ్యాటరీ కరెంటు మీద ఉండి మెమరీని కాపాడుతుంది; ఎరుపు తీగకు తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు రావాలి. బిగించేవారు పని తొందరలో రెండింటినీ మెలిపెట్టి ఒకే చోట కలిపితే, తెర చీకటిగా కనిపించినా లోపలి పరికరం రాత్రంతా మేలుకొనే ఉంటుంది. డాష్‌బోర్డులోంచి స్క్రీన్‌ను బయటికి లాగి చూస్తే ఆ మెలిక, దాని మీద చుట్టిన ఎండిపోయిన ఇన్సులేషన్ టేపు మీ కంటికే కనిపించవచ్చు. ఎరుపు తీగను విడదీసి, తాళంతో పనిచేసే లైనుకు, తగిన ఫ్యూజు పెట్టి కలిపిస్తే సరిపోతుంది. రివర్స్ కెమెరాకు కరెంటు రివర్స్ లైటు నుంచి కాకుండా నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చారేమో కూడా చూడండి.

ఫ్యూజులన్నీ తీసినా అంకె తగ్గకపోతే, అప్పుడు డైనమో మీద అనుమానం న్యాయమే. కరెంటును ఒకే వైపు పోనిచ్చే దాని లోపలి డయోడ్లు దెబ్బతింటే బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు వెనక్కి కారిపోతుంది. బ్యాటరీ కేబుల్ తీసి, డైనమో వెనుక ఉండే లావు తీగను విప్పి, దాని కొసకు టేపు చుట్టి ఎక్కడా తగలకుండా ఉంచి, మళ్లీ మీటరుతో చూడాలి. అంకె అప్పుడు పడిపోతేనే డైనమోకు డబ్బు పెట్టండి.

ప్రశ్న: మాది 2014 నాటి పెట్రోలు సెడాన్. ఒంగోలు నుంచి నెల్లూరు వెళ్లేటప్పుడు హైవే మీద గంటసేపు నడిచాక ఒక్కసారిగా ఇంజిను ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజిను అందుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్, చివరికి ట్యాంకులోని పెట్రోలు పంపు కూడా మార్చారు. పంపు మార్చాక రెండు నెలలు బాగుండి మళ్లీ మొదలైంది. స్కానరులో కోడ్ ఏదీ రావడం లేదంటున్నారు.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందుగా మీ క్షేమం గురించి. హైవే మీద ఇంజిను ఆగగానే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకుకు సాయపడే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే అయిపోతుంది. అందువల్ల బ్రేకును విడిచి విడిచి తొక్కకుండా ఒకే పట్టున గట్టిగా తొక్కి ఉంచి, నాలుగు ఇండికేటర్లూ వేసి ఎడమ పక్కకు తీసుకోండి. బండి కదులుతుండగా తాళం పూర్తిగా వెనక్కి తిప్పవద్దు. స్టీరింగు లాక్ పడే ప్రమాదం ఉంది. లోపం తేలేవరకు ఈ కారులో రాత్రి ప్రయాణాలు మానుకోండి.

వేడెక్కితే ఆగి, చల్లారితే నడిచే కారులో అనుమానించవలసినవి ప్రధానంగా మూడు: ఇంజిను తిరుగుతున్న సంగతిని కంప్యూటరుకు చెప్పే క్రాంక్ సెన్సర్, పెట్రోలు పంపుకు కరెంటు పంపే రిలే, ఆ పంపు దాకా వెళ్లే వైరింగు. వీటిని షెడ్డులో చల్లటి బండి మీద పరీక్షిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. మీకు దొరికే అసలైన అవకాశం బండి ఆగిన తరువాతి అరగంటే. ఆ సమయంలో రెండు విషయాలు గమనించండి.

మొదటిది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు. చాలా కార్లలో సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ ఆ ముల్లు రెండు మూడు వందల దగ్గర కాస్త లేచి ఉంటుంది. అది కదలకుండా సున్నా మీదే పడి ఉంటే ఇంజిను తిరుగుతున్న సంగతి కంప్యూటరుకు చేరడం లేదన్న మాట. అప్పుడది పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లనూ, నిప్పురవ్వ పుట్టించే కాయిళ్లనూ పని చేయించదు. సెన్సర్ లోపలి సన్నని తీగచుట్ట వేడికి సాగి తెగినట్టయి, చల్లారాక మళ్లీ కలుసుకోవడం పాత కార్లలో తరచూ చూసే లోపం. రెండవది, తాళం ఆన్ చేయగానే వెనుక సీటు కింద వినిపించవలసిన పంపు శబ్దం. సుమారు రెండు సెకన్ల పాటు సన్నని గుయ్‌మనే ధ్వని రావాలి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి, ఏసీ ఫ్యాను ఆపి వినండి. ముల్లు లేస్తోంది కానీ శబ్దం లేదంటే కరెంటు పంపు దాకా చేరడం లేదు, లేదా పంపే పని చేయడం లేదు.

కొత్త పంపు వేశాక రెండు నెలలు బాగుండి మళ్లీ మొదలైందన్న మీ మాట నాకు ముఖ్యంగా తోచింది. పాత పంపు కడపటి రోజుల్లో ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. దానివల్ల ట్యాంకు పైన ఉండే కనెక్టరులో పిన్నులు వేడెక్కి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మాడి గోధుమ రంగుకు తిరుగుతుంది. మెకానిక్ కొత్త పంపు పెట్టి అదే మాడిన కనెక్టరును తిరిగి నొక్కేస్తే, వదులైన పిన్ను మళ్లీ వేడెక్కుతుంది. వెనుక సీటు ఎత్తి, మూత తీసి, ఆ కనెక్టరును ఊడదీసి వెలుతురులో చూడమనండి. ఒక రంధ్రం మిగతావాటి కన్నా వెడల్పుగా సాగినట్టు ఉన్నా, పిన్ను మీద నల్లటి పొర కనిపించినా జవాబు దొరికినట్టే. కంటికి ఏమీ కనిపించకపోతే ఇంజిను నడుస్తుండగా కనెక్టరు వెనుక నుంచి వోల్టేజి కొలవాలి. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉండి పంపు దగ్గర 12 మాత్రమే ఉంటే మధ్యలో ఎక్కడో రెండు వోల్టులు వేడిగా మారి పోతున్నాయి. పాజిటివ్ వైపే కాదు, ఎర్త్ తీగ వైపు కూడా కొలవాలి. ట్యాంకు దగ్గర బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు చేరితే పంపు ఎంత కొత్తదైనా నీరసంగానే తిరుగుతుంది.

చాలా పెట్రోలు కార్లలో ఇంజెక్టర్ల దగ్గర 3 నుంచి 4 బార్ల ఒత్తిడి ఉండాలి. మీ కారుకు కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. గేజీ బిగించి, గంట నడిచాక ఆ ముల్లు ఎక్కడుందో చూడగలిగిన మెకానిక్ దొరికితే ఇంకేమీ ఊహించనక్కరలేదు. రిలే మీద అనుమానం ఉంటే, అదే పెట్టెలో అదే నంబరు ముద్రించిన హారన్ రిలేతో మార్చి చూడటం పైసా ఖర్చు లేని పరీక్ష.

ఇక కోడ్, అంటే లోపం వచ్చినప్పుడు కారు కంప్యూటరు నమోదు చేసే గుర్తు సంఖ్య, లేకపోవడం. స్కానరు పెట్టకముందే బ్యాటరీ టెర్మినల్ తీసేస్తే చాలా కార్లలో కోడ్లు చెరిగిపోతాయి. ఈసారి టెర్మినల్ ముట్టుకోక ముందే స్కాన్ చేయమని ఖండితంగా చెప్పండి. పీ0335 కనిపిస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్, పీ0230 కనిపిస్తే పంపు సర్క్యూట్. కోడ్ ఒక సర్క్యూట్ పేరే చెబుతుంది. ఆ సర్క్యూట్‌లో సెన్సరు పోయిందా, తీగ తెగిందా అన్నది మాత్రం మీటరే చెప్పాలి. రిజర్వు వెలిగేవరకు నడిపే అలవాటు ఉంటే మానండి, ట్యాంకులోని పెట్రోలే పంపును చల్లబరుస్తుంది.

ప్రశ్న: మా కారులో టెయిల్ లైట్ల ఫ్యూజు వారానికోసారి పోతోంది. ఎలక్ట్రీషియన్ 15 తీసి 30 వేశారు. అప్పటినుంచి పోవడం లేదు కానీ ఒకసారి డాష్‌బోర్డు దగ్గర కాలిన వాసన వచ్చింది. ఫరవాలేదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఆ 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజును తీసేయండి. మళ్లీ 15 ఆంపియర్ల నీలం ఫ్యూజే వేయండి. అది పోతే లైట్లు లేకుండా రాత్రి బండి తీయవద్దు. ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. 15 ఆంపియర్లకు తగిన తీగలో దానికి రెట్టింపు కరెంటు పారితే ఫ్యూజు బదులు తీగే వేడెక్కుతుంది, పక్కనున్న తీగల పైతొడుగూ కరుగుతుంది. మీకు వచ్చిన వాసన అదే. కార్లు కాలిపోవడానికి ఇలాంటి మరమ్మతులు కూడా కారణమవుతాయి కాబట్టి ఇందులో మొహమాటం అక్కరలేదు.

అప్పుడప్పుడు మాత్రమే ఫ్యూజు పోతోందంటే కదిలే చోట ఎక్కడో తీగ ఒరుసుకుని ఇనుముకు తగులుతోంది. పోయిన ఫ్యూజు స్థానంలో హోల్డరుతో సహా ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బును తాత్కాలికంగా కలిపి లైట్ల స్విచ్ వేయమనండి. ఎక్కడ షార్ట్ అయినా ఆ బల్బు రెండు ఆంపియర్లలోపే కరెంటును పోనిస్తుంది, షార్ట్ ఉన్నంతసేపు నిండుగా వెలుగుతుంది. అప్పుడు ఒకరు ఆ బల్బును చూస్తుండగా మరొకరు డిక్కీ తలుపును నెమ్మదిగా ఎత్తి దించాలి, టెయిల్ లైటు హోల్డర్లను కదపాలి, కార్పెట్ అంచున వెళ్లే తీగలను నొక్కాలి. బల్బు కాంతి ఏ కదలికకు మారిందో లోపం అక్కడే ఉంది. హ్యాచ్‌బ్యాక్ అయితే డిక్కీ తలుపు మడత దగ్గర ఉండే రబ్బరు గొట్టంతోనే మొదలుపెట్టండి. ఏళ్ల తరబడి తెరిచి మూసిన చోట దాని లోపలి తీగలు పైతొడుగు చిట్లి రాగి బయటపడి ఉంటాయి. ఎలుకలు కొరికిన గుర్తులు ఉన్నాయేమో బానెట్ కింద కూడా చూడాలి. తెగిన చోట టేపు చుట్టి వదలకుండా కొత్త తీగ ముక్క వేసి, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగించండి.

ప్రశ్న: ఆరు నెలల క్రితం ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఉన్న కారును తక్కువ ధరకు వస్తోందని ఒక డీలరు దగ్గర కొని ఇక్కడికి మార్పించుకున్నాను. పవర్ విండోలు వాటంతట అవే దిగుతున్నాయి, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరుతోంది, వాన పడితే లోపల ముక్క వాసన. ఒకటి బాగు చేయిస్తే ఇంకొకటి మొదలవుతోంది. వరదలో మునిగిన కారేమోనని మిత్రులు అంటున్నారు. ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీ మిత్రుల అనుమానం సహేతుకమైనదే. ఒకదానితో ఒకటి సంబంధం లేని లోపాలు ఒకే కారులో వరుసగా వస్తున్నాయంటే వాటన్నిటికీ ఉమ్మడి కారణం వెతకాలి. నీరు అలాంటి కారణం. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమూ, మున్నేరు పొంగి ఖమ్మంలో కొన్ని కాలనీలూ మునిగినప్పుడు, అంతకుముందు 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీల్లోకి వరద వచ్చినప్పుడు ఎన్నో కార్లు సీట్ల దాకా నీటిలో ఉండిపోయాయి. అలాంటివి కడిగి, సీటు కవర్లు మార్చి, వేరే జిల్లాకో వేరే రాష్ట్రానికో తెచ్చి అమ్మితే కొనేవారికి వెంటనే తెలియదు. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలన్నిటికీ ఏపీ 39 అనే ఒకే కోడు మొదలైంది కాబట్టి ఆ తరువాతి బండ్లకు నంబరు చూసి ఊరు చెప్పలేం. పాత ఆర్‌సీలోని చిరునామా చూడాలి.

కారులో చూడవలసినవి ఇవి. ముందు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. ఎప్పుడూ చుట్టలోనే ఉండే ఆ చివరి అడుగు భాగాన్ని కడిగేవారు ఎవరూ కడగరు. అక్కడ అడ్డంగా బురద గీత ఉంటే నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో కూడా తెలిసిపోతుంది. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంటలో సన్నని ఒండ్రు పేరుకుందేమో వేలితో తడిమి చూడండి. సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, కార్పెట్ కింది స్పాంజిలో చెమ్మ, హెడ్‌లైటు అద్దం లోపల మట్టి మరకలు మిగతా సాక్ష్యాలు. ఆపైన డ్రైవరు కాళ్ల దగ్గరి పక్క ప్లాస్టిక్ ఊడదీసి ఒక కనెక్టరు తెరిపించండి. పిన్నుల మీద ఆకుపచ్చని పొడి ఉంటే ఇక సందేహం అక్కరలేదు. ఆ పొడి రాగికి పట్టిన చిలుము. అది తేమ ఉన్నప్పుడు రెండు పిన్నుల మధ్య కరెంటును పారనిస్తుంది, ఎండినప్పుడు అడ్డుపడుతుంది. మీ కిటికీలు వాటంతట అవే దిగడానికీ, వానాకాలంలో లోపాలు పెరగడానికీ కారణం అదే కావచ్చు. నీరు తీగ పైతొడుగు లోపలికి కూడా పాకుతుంది కాబట్టి ఒక కనెక్టరును శుభ్రం చేస్తే నెల తరువాత దానికి అడుగు దూరంలో మరో చోట లోపం బయటపడుతుంది.

ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్లలో ఎవరూ మల్టీమీటరు పిన్ను పెట్టకూడదు. మీటరు పంపే చిన్న కరెంటుకే బ్యాగు పేలే అవకాశం ఉంది. ఆ పని దానికి తగిన స్కానరు ఉన్న వర్క్‌షాపులోనే చేయించాలి. ఆ లైటు వెలుగుతుండగా, ప్రమాదం జరిగితే బ్యాగు తెరుచుకుంటుందని నమ్మకం పెట్టుకోవద్దు.

నా సలహా స్పష్టంగా చెబుతాను: మునిగిన కారని తేలితే దానిమీద ఇంకా డబ్బు పోయకండి, డబ్బు వెనక్కి రాబట్టుకునే ప్రయత్నం చేయండి. వర్క్‌షాపు నుంచి ఫొటోలతో లిఖితపూర్వక నివేదిక తీసుకోండి. పాత ఇన్సూరెన్సు పాలసీల కాపీలు సంపాదించగలిగితే వాటిలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం చూడండి. క్లెయిమ్ లేకుండా ఏళ్లు గడిచిన కొద్దీ అది 20 నుంచి 50 శాతం దాకా పెరగాలి. ఒక ఏడాది హఠాత్తుగా సున్నాకు పడితే దానికి ముందటి సంవత్సరంలో క్లెయిమ్ జరిగి ఉండవచ్చు. డీలరుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, ఫలితం లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపయితే రుసుము లేదు. జాతీయ హెల్ప్‌లైను 1915. వ్యాపారంగా అమ్మిన డీలరు మీదే ఈ దారి తెరిచి ఉంటుంది; ఏదో ఒక్కసారి సొంత కారు అమ్ముకున్న వ్యక్తి మీద సివిల్ కోర్టుకు వెళ్లవలసి ఉంటుంది. అలాగే 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాలు అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన ఉంది. మీకు అమ్మినవారి దగ్గర అది ఉందో లేదో ఆర్టీఏ కార్యాలయంలో విచారించండి.

ప్రశ్న: మాది 2012 కారు, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. ఇథనాల్ పెట్రోలు వచ్చాక మైలేజీ 15 నుంచి 12కు పడిపోయింది. ఉదయం స్టార్టింగు ఆలస్యం, ఒక్కోసారి పెట్రోలు వాసన. ఇంజెక్టర్లు తరచూ శుభ్రం చేయించాలంటున్నారు. ఇదంతా పెట్రోలు వల్లనేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వాసన సంగతి తేలేవరకు మిగతా ప్రశ్నలు ఆగవచ్చు. పెట్రోలు వాసన వస్తున్న కారును ఇంట్లో గ్యాస్ సిలిండరు, పూజగది దీపం ఉన్న వైపు మూసిన షెడ్డులో పెట్టవద్దు. ఉదయం చల్లటి ఇంజిను మీద ఒకరు స్టార్ట్ చేస్తుండగా మరొకరు ఇంజెక్టర్ రైలు కీళ్లు, ట్యాంకు పైమూత, ఫిల్టరుకు వెళ్లే గొట్టాలు టార్చిలైటుతో చూడాలి. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలోని రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు 20 శాతం ఇథనాల్‌కు తట్టుకునేలా చేసినవి. 2012 నాటి గొట్టాలు, కీళ్లలోని ‘ఓ-రింగు’ రబ్బరు వలయాలు అలా చేసినవి కావు, పైగా వాటి వయసే ఎక్కువ. వేలితో వంచితే పగుళ్లు కనిపించే గొట్టాన్ని ఆలోచించకుండా మార్చేయాలి. కొత్త గొట్టం ఇంధన ఒత్తిడికి, ఇథనాల్‌కు తగినదై ఉండాలి, నీళ్ల పైపు కాకూడదు.

మైలేజీ లెక్కకు వద్దాం. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదాని కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. పది శాతం మిశ్రమం నుంచి ఇరవై శాతానికి వచ్చినప్పుడు లీటరుకు మూడున్నర శాతం శక్తి తగ్గుతుంది. ఆ లెక్కన మీ 15 కిలోమీటర్లు 14.5 కావాలి, పాత ఇంజిను కొత్త మిశ్రమానికి సర్దుకోలేకపోయిందని ఇంకొంచెం తగ్గించుకున్నా 14కు అటూఇటూ ఉండాలి. 12 వస్తోందంటే మిగతా నష్టం మీ కారులోనే జరుగుతోంది. ఇథనాల్ మీద ఇప్పుడు ఎన్నో ఆందోళనలు వినిపిస్తున్నాయి, వాటిలో నిజమున్నవీ ఉన్నాయి. కానీ ప్రతి లోపాన్నీ దాని ఖాతాలో వేస్తే కారుతున్న గొట్టం కారుతూనే ఉంటుంది.

స్కానరు పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకెలు చూపించమనండి. కంప్యూటరు తన లెక్క కన్నా ఎంత ఎక్కువ లేక తక్కువ పెట్రోలు పోయవలసి వస్తోందో అవి శాతాల్లో చెబుతాయి. కొద్దిపాటి పెరుగుదల ఇథనాల్‌తో సహజమే. అలాకాక బండి నిలబడి నడుస్తున్నప్పుడు ప్లస్ 15 దాటి, యాక్సిలరేటరు తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పెడితే మామూలుకు వస్తే, ఎక్కడో వాక్యూమ్ గొట్టం చిట్లి గాలి దొంగదారిన వెళుతోంది. నిలబడి ఉన్నప్పుడు బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగితే పంపు, ఫిల్టరు చాలినంత పెట్రోలు ఇవ్వడం లేదు. అంకెలు మైనస్‌లోకి వెళితే పెట్రోలు ఎక్కువ పడుతోంది. అప్పుడే ఇంజెక్టరు కారుతోందా, ఆక్సిజన్ సెన్సరు ముసలిదయిందా అని చూడాలి. ఇంజెక్టర్ల శుభ్రత ఆ పరీక్ష తరువాతి మాట, అది మాటిమాటికీ చేయించవలసిన పని కాదు.

ఉదయం స్టార్టింగుకు ఒక తేలిక పరీక్ష ఉంది. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి; ఇలా మూడుసార్లు చేసి అప్పుడు స్టార్ట్ చేయండి. వెంటనే అందుకుంటే రాత్రంతా లైనులో నిలవవలసిన ఒత్తిడి నిలవడం లేదు. పెట్రోలును వెనక్కి పోనివ్వని పంపులోని చెక్ వాల్వో, ఇంజెక్టరో, బయటికి కారే కీలో దానికి కారణం. మీకు వాసన కూడా వస్తోంది కాబట్టి మూడోదానితో మొదలుపెట్టండి. పెట్రోలు నాణ్యత మీద సందేహం ఉంటే బంకులో ఫిల్టరు కాగితం అడిగి పరీక్షించే హక్కు మీకుంది; నాజిల్ మూతి తుడిచి వేసిన చుక్క రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి.

ప్రశ్న: పెట్రోలు పోయించిన వెంటనే మాత్రమే మా కారు స్టార్ట్ కాదు. బంకులో అందరూ చూస్తుండగా నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాలి. మిగతా వేళల్లో ఏ ఇబ్బందీ లేదు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇంత కచ్చితంగా గుర్తు చెప్పే లోపాలు తక్కువ. ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని బొగ్గు డబ్బాలో పట్టి ఉంచి, బండి నడిచేటప్పుడు ఇంజినులోకి పంపే పర్జ్ వాల్వు ఒకటి ఉంటుంది. ఇంజిను ఆగినప్పుడు అది మూసుకుపోవాలి. మూసుకోకుండా తెరిచే ఉండిపోతే, పెట్రోలు పోస్తున్నప్పుడు ట్యాంకులోంచి తోసుకొచ్చిన ఆవిరి అంతా ఇంజినులో చేరుతుంది, అందుకే అందుకోదు. ఈసారి బంకులో యాక్సిలరేటరు సగం తొక్కి స్టార్ట్ చేయండి, గాలి ఎక్కువ వెళ్లి తొందరగా అందుకుంటే ఈ వాల్వేనని దాదాపు నిశ్చయించుకోవచ్చు. మెకానిక్ దాని కరెంటు కనెక్టరు తీసి, గొట్టంలోంచి గాలి ఊది చూడాలి. గాలి అవతలికి పోతే వాల్వు పోయినట్టే. ట్యాంకు నిండి నాజిల్ దానంతట అది ఆగాక కూడా అంకె సరిచేయడానికని మళ్లీ మళ్లీ పోయించుకునే అలవాటు ఉంటే ద్రవ పెట్రోలు ఆ బొగ్గు డబ్బాలోకి చేరి బొగ్గును పాడు చేస్తుంది, ఆ పొడి వచ్చి వాల్వులో ఇరుక్కుంటుంది. వాల్వు మార్పించేటప్పుడు ఆ డబ్బాను కూడా విప్పి, లోపల పెట్రోలు కదులుతున్న చప్పుడు వస్తోందేమో ఊపి చూడమనండి. వస్తే రెండూ కలిపి మార్పించండి.